అడిరాండాక్ ‘గ్రేట్ క్యాంపుల’ వన్‌డే ప్యాకేజీ: డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

వేసవి మొదలైతే చాలు, న్యూజెర్సీ వైపు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫ్లయర్ తిరుగుతుంది. ‘ఒక్కరోజులో అయిదు గ్రేట్ క్యాంపులు. వాండర్‌బిల్ట్, జేపీ మోర్గాన్‌ల అడవి బంగళాల్లోకి ప్రవేశం. పెద్దవాళ్లకీ సౌకర్యం’ అని. అడిరాండాక్ అంటే న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన ఉన్న కొండల అడవి ప్రాంతం. గ్రేట్ క్యాంపులంటే అక్కడ పాతకాలం కోటీశ్వరుల కోసం కట్టిన అడవి బంగళాలు. కొన్నవాళ్లకు చివరికి దక్కింది ఒక్క బంగళా లోపలి దర్శనం. ఇంకొకటి పడవలోంచి దూరంగా కనిపించింది. మిగతావి మూసిన గేట్లు. అమ్మేవాళ్లు పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తుంటారు కాబట్టి ఫలానా వాళ్లని చెప్పి లాభం లేదు. ఏ క్యాంపులో ఏది సాధ్యమో తెలిస్తే ఎవరు అమ్మినా పట్టేయొచ్చు.

ముందు సాగమోర్. విలియం వెస్ట్ డ్యురంట్ అనే బిల్డర్ 1897లో కట్టడం పూర్తిచేసి, 1901లో ఆల్ఫ్రెడ్ వాండర్‌బిల్ట్‌కి అమ్మాడు. బెరడు తీయని దుంగలు, స్థానిక రాయి, ఆరుబయట బౌలింగ్ ఆట కోసం కట్టిన కప్పు: నిజంగా చూడాల్సిన చోటు. ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది. వేసవి నుంచి ఆకులు రాలే కాలం దాకా గైడ్‌తో టూర్లు ఉంటాయి. టికెట్ వాళ్ల దగ్గరే నేరుగా కొనుక్కోవచ్చు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. టూర్‌కి సుమారు 2 గంటలు పెట్టుకోండి. హైవే 28 మీద రాకెట్ లేక్ దగ్గర మలుపు తిరిగాక దాదాపు 4 మైళ్లు మట్టిరోడ్డు, అక్కడ ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకూడదు. టూర్ టైముకి పది నిమిషాలు ఆలస్యమైతే జనం ముందుకెళ్లిపోతారు, ‘ట్రాఫిక్’ అంటే ఎవరూ వినరు.

ఫ్లయర్‌లో ‘మోర్గాన్ బంగళా’ అంటే అంకస్. అదీ డ్యురంట్ కట్టిందే, 1896లో మోర్గాన్ కొన్నాడు. సాగమోర్‌కి దగ్గరే, కానీ ప్రైవేటు ఆస్తి. ‘ప్రవేశం’ అని రాసుంటే యజమానుల రాతపూర్వక అనుమతి చూపించమనండి. ఈ అడిరాండాక్ పార్కు 60 లక్షల ఎకరాలు. అందులో ప్రభుత్వ అడవి, ప్రైవేటు భూమి కలగలిసి ఉంటాయి. పార్కు అనే మాట చూసి ఎక్కడైనా నడవొచ్చు అనుకుంటే పొరపాటు. ‘పోస్టెడ్’ (లోపలికి రాకూడదు అనే) బోర్డు దాటితే అతిక్రమణే, కేసు పడేది మీ మీద, ప్యాకేజీ అమ్మినవాడి మీద కాదు.

పైన్ నాట్ కూడా ఇలాంటిదే. 1877లో డ్యురంట్ మొదలుపెట్టిన క్యాంపు, ఈ కట్టడాల పద్ధతికి పుట్టిల్లు. ఇప్పుడు ఒక ప్రభుత్వ కళాశాల చేతిలో విద్యార్థుల శిక్షణకు వాడుతున్నారు, చేరేది పడవ మీదే. మార్జొరీ పోస్ట్ అనే సంపన్నురాలి క్యాంపు టాప్‌రిడ్జ్ అయితే ఇంకా దూరం. 1973లో ఆవిడ పోయాక కొంతకాలం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉండి మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. ఈ రెండిటికీ ‘విజిట్’ అని రాస్తే అర్థం నీళ్ల మీద నుంచి చూడ్డమే.

అసలు మోసం శాంటనోని దగ్గర. అమ్మా నాన్నల్ని ఇండియా నుంచి రప్పించుకున్నవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవండి. ఆల్బనీ బ్యాంకర్ రాబర్ట్ ప్రైన్ 1892-93లో కట్టించాడు. విడివిడి గదుల్ని ఒకే పెద్ద కప్పు, ఒకే వసారా కలుపుతాయి. ప్రైన్ తండ్రి జపాన్‌లో అమెరికా రాయబారిగా పనిచేశాడు, ఆ ప్రభావం కప్పులో కనిపిస్తుంది. ప్రవేశ రుసుము లేదు! ఉచితంగా చూసేదాన్ని ప్యాకేజీలో కలిపి డబ్బు తీసుకుంటున్నారు. అంతకంటే ముఖ్యం, న్యూకమ్ ఊళ్లో గేటు దగ్గర కారు ఆపి అక్కణ్నుంచి దాదాపు 5 మైళ్లు నడవాలి. తిరిగి మరో 5. మోటారు వాహనాలకు అనుమతి లేదు. కంకర దారి, నిటారు ఎక్కుడు కాదు, సైకిల్ తీసుకెళ్లొచ్చు. అయినా మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి 10 మైళ్లు నడక ‘సౌకర్యం’ ఎలా అవుతుంది? గుర్రపు బండి నడిపేవాళ్లుంటే వాళ్ల దగ్గర ముందే విడిగా బుక్ చేసుకోవాలి, రానుపోను సగం రోజు పోతుంది. ప్యాకేజీలో ‘బండి ఉంది’ అంటే బుకింగ్ నంబరు అడగండి. దారిలో తాగునీళ్లు ఉండవు, మనిషికి కనీసం 2 లీటర్లు మోసుకెళ్లండి. పులిహోర పొట్లాలు బాగానే ఉంటాయి, కానీ మిగిలినవి అక్కడ పారేయకండి, ఎలుగుబంట్లున్న అడవి. ఇంకో మాట: ఫ్లయర్‌లో సోఫాలు, తివాచీలు ఉన్న ఫొటోలు పాతకాలం నాటివి. ఇప్పుడు లోపల గదులు దాదాపు ఖాళీ. అవి కూడా వేసవిలో గైడ్లున్న రోజుల్లోనే తెరుస్తారు.

ఇప్పుడు టైము లెక్క వేయండి. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రాకెట్ లేక్ సుమారు 280 మైళ్లు, ఎక్కడా ఆగకపోతే 5 గంటలు. తెల్లవారి 5కి బయల్దేరితే కాఫీ, రెస్ట్‌రూమ్ కలుపుకుని 10:30. సాగమోర్ చూసి బయటపడేసరికి ఒంటిగంట. న్యూకమ్‌కి దాదాపు గంట. గంటకు రెండున్నర మైళ్ల చొప్పున నడిస్తే పోవడానికి 2 గంటలు, రావడానికి 2, చూడ్డానికి ఒకటి. మళ్లీ కారు దగ్గరికి సాయంత్రం 7. ఇంటికి అర్ధరాత్రి. అంటే నిజాయితీగా చేస్తే రోజుకి రెండే, అదీ కాళ్లు గట్టివాళ్లకి. అయిదు అన్నవాడు మ్యాపు చూడలేదు, లేదా మీరు చూడరని ధైర్యం.

మే చివర్లో ప్యాకేజీ చవగ్గా దొరికితే సంబరపడకండి. మే మధ్య నుంచి జూన్ చివరి దాకా నల్ల ఈగల కాలం. చెవుల వెనక, మెడ మీద కరిచి రక్తం తెప్పిస్తాయి. డీట్ లేదా పికారిడిన్ ఉన్న, పురుగుల్ని తరిమే పైపూత మందు, లేత రంగు పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. గడ్డిలో నడిచినవాళ్లు రాత్రి ఒంటిమీద పిడుదులు చూసుకోవాలి.

డబ్బు క్రెడిట్ కార్డుతోనే కట్టండి. జెల్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీసు)తో మీరే పంపిన సొమ్ము తిరిగి రావడం దాదాపు అసాధ్యం. ‘అయిదు రిజిస్ట్రేషన్లు తెస్తే తగ్గింపు’ అనేవాళ్లు జెల్ అడగడానికి కారణం అదే. ఇప్పటికే కట్టి మోసపోతే ఫ్లయర్, చాట్ స్క్రీన్‌షాట్లు, రసీదు తీసిపెట్టుకుని, ఆ ఖర్చు కనిపించిన మొదటి బిల్లు పంపిన తేదీ నుంచి 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా డిస్ప్యూట్ (ఆ ఖర్చు మీద అభ్యంతరం) పంపండి. ‘టూర్ బాలేదు’ అని రాస్తే తోసిపుచ్చుతారు. ‘అంకస్, టాప్‌రిడ్జ్ లోపలికి ప్రవేశం అని అమ్మారు, అవి ప్రైవేటు ఆస్తులు, ప్రవేశం ఇవ్వలేదు’ అని ఒక్కొక్క అంశం విడిగా రాయండి. ఫ్లయర్‌లోని వాక్యాన్ని యథాతథంగా పక్కన పెట్టండి.