రోడ్రిగ్స్‌లో కఫే మరోన్: కారుకి 3,500, చూపించింది కంచె

మారిషస్‌కి చెందిన రోడ్రిగ్స్ దీవికి వెళ్లేవాళ్లు కారు మాట్లాడుకునే ముందే ఎక్కడెక్కడ ఆపుతారో, ఎంతసేపు ఆపుతారో తేల్చుకోండి. దీవిలో ముఖ్య పట్టణం పోర్ట్ మాథ్యురిన్‌లో మేం ఒక డ్రైవర్‌కి 3,500 మారిషస్ రూపాయలు ఇచ్చాం. మన డబ్బుల్లో ఆరు వేలు దాటింది. కఫే మరోన్ అనే చెట్టు చూపిస్తానన్నవాడు మోన్ ప్లేజిర్ దగ్గర రోడ్డు పక్క కంచె ముందు ఆపి, ఇంజన్ కూడా కట్టేయకుండా "అదే" అని చెయ్యి చూపించాడు. నేను కంచె దగ్గరికి వెళ్లేలోపే హారన్. మా ఆవిడ బసకి చేరేదాకా నోరు విప్పలేదు.

ఆ చెట్టుకి జరగాల్సిన మర్యాద అది కాదు. కాఫీ కుటుంబానికి చెందిన ఈ చెట్టు ప్రపంచంలో ఈ దీవిలో తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. ఇక లేదనుకున్నాక, 1980లో మాస్టారు చూపించిన పాత బొమ్మని గుర్తుపట్టి, ఓ బడిపిల్లాడు ఈ ఒక్క చెట్టునీ చూపించాడు. సంగతి తెలిశాక జనం మందుకని కొమ్మలు విరుచుకుపోయారు. కంచె అందుకే. 1986లో కొమ్మల్ని లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానానికి పంపితే అక్కడ బతికి పూలైతే పూశాయి గానీ, కాయ కాయలేదు. 2003లో అక్కడి మొక్కల నిపుణుడు కార్లోస్ మాగ్డలీనా పువ్వు కీలాగ్రం (పుప్పొడి అందుకునే కొస) కోసి పుప్పొడి అద్దాక గానీ గింజ పట్టలేదు.

ఇదంతా ఓపిగ్గా చెప్పింది మర్నాడు గ్రాండ్ మోంటాన్ రిజర్వ్‌లో గైడ్ అమ్మాయి. అక్కడ మారిషస్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్లు దీవి మొక్కల్ని మళ్లీ పెంచుతున్నారు. మోకాలెత్తు కఫే మరోన్ మొక్క చూపించింది. ఆకులు సన్నగా, పొడుగ్గా, గోధుమ రంగులో ఉన్నాయి. పక్కనే ఎదిగిన మొక్కకి గుండ్రటి పచ్చటి ఆకులు. రెండూ ఒకే జాతంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. ఒకప్పటి తాబేళ్ల నోటికి దొరక్కుండా లేతప్పుడు అలా ఉంటుందని అంటారట. తెల్లటి నక్షత్రంలాంటి పువ్వు చూస్తే అరకు కాఫీ తోటల పూతకి చుట్టమనిపించింది. ఆవిడ కోపం అక్కడే పోయింది.

బస 2,500 మారిషస్ రూపాయలు, రాత్రి భోజనంతో. గది శుభ్రం, నీళ్లు మాత్రం పొదుపుగా వాడాలి. మొక్కజొన్న సంకటి, రాజ్మా, కారంగా నిమ్మకాయ పచ్చడి, మధ్యాహ్నం 350. శాకాహారులు భయపడక్కర్లేదు. మారిషస్ నుంచి విమానం గంటన్నర. ఎలాగైనా రెండు రాత్రులు ఉండండి, కారు వద్దు. బస్సులో గ్రాండ్ మోంటాన్ వెళ్లి, గైడ్‌ని అడిగి తీసుకోండి.