కొత్త బ్యారెల్ వేయించిన పాత బీఎస్ఏ మార్టిని: మూడేళ్ల వాడకం తర్వాత

ఈ రైఫిల్ వయసు దాదాపు వందేళ్లు. బీఎస్ఏ (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అనే బ్రిటిష్ కంపెనీ) మోడల్ 12, పాయింట్ 22 రిమ్‌ఫైర్, ఒక్కో తూటా పెట్టి కాల్చే టార్గెట్ రైఫిల్. దీనికి కొత్త బ్యారెల్ వేయించి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో నాలుగు వేలకు పైగా తూటాలు కాల్చాను. ప్రతి టార్గెట్ కార్డు వెనక తేదీ, తూటాల లాట్ (ఒకే విడతలో తయారైనవి) నంబరు, ఆ రోజు గాలి ఎలా ఉందో రాసి దాచాను. ఆ కార్డులు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

బ్యారెల్ మార్చాక మొదటి ఎనిమిది నెలలు నాకు తృప్తి లేదు. లోపం కొత్త బ్యారెల్‌లోనే ఉందని గట్టిగా అనుకున్నాను. తీరా చూస్తే అది బ్యారెల్ తప్పు కానే కాదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

పాత బ్యారెల్‌లోకి లైటు వేసి చూస్తే ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ముందు జానెడు మేర చెదలు తిన్న చెక్కలా ఉండేది. ఆ కాలం రైఫిళ్లలో చాలావాటి గతి ఇదే. అప్పటి తూటాల ప్రైమర్‌లో, అంటే దెబ్బ తగిలితే నిప్పంటించే మందులో, పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. గాలిలో తేమ లాగి ఉక్కును తినేస్తుంది. రెమింగ్టన్ 'క్లీన్‌బోర్' పేరుతో తుప్పు పట్టించని తూటాలు తెచ్చింది 1926లో. అంతకు ముందు కాల్చిన సాయంత్రమే శుభ్రం చేయకపోతే బ్యారెల్ పాడైనట్టే. పైగా ఈ మార్టినిలో వెనక నుంచి కడ్డీ నేరుగా దూర్చే దారి లేదు, కాబట్టి చాలామంది మూతి వైపు నుంచే తోమేవారు. అలా తోమీ తోమీ నా బ్యారెల్ మూతి అంచు ఒక పక్కకు అరిగిపోయింది. గుండు బయటికి వచ్చే చివరి క్షణంలో వెనక గ్యాస్ చుట్టూ సమానంగా బయటపడాలి. అంచు ఒక పక్క అరిగితే గుండు ఆ క్షణంలోనే పక్కకు ఒరుగుతుంది. 50 మీటర్లలో పది గుళ్ల గ్రూప్, అంటే ఆ చిల్లులన్నీ చెదిరిన వెడల్పు, సగటున 52 మిల్లీమీటర్లు వచ్చేది.

అయినా వదులుకోబుద్ధి కాలేదు. మార్టిని యాక్షన్ (తూటా పెట్టి, మూసి, కాల్చే యంత్రాంగం) అంటే నాకంత ఇష్టం. అమెరికాలో హెన్రీ పీబాడీ 1862లో పేటెంట్ తీసుకున్న ఏర్పాటును స్విట్జర్లాండ్‌లో ఫ్రెడరిక్ వాన్ మార్టిని మెరుగుపరిచాడు. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టిని-హెన్రీ అదే. దాన్నే చిన్నగా చేస్తే ఈ క్లబ్ రైఫిల్ అయింది. లీవర్ కిందికి నొక్కితే వెనక కీలు మీద దిమ్మ ముందు కొస కిందికి వాలుతుంది. బొటనవేలితో తూటా తోసి లీవర్ మూస్తే చాలు. పడుకుని కాల్చేవాళ్లకు ఇంతకంటే హాయైన యాక్షన్ నేను చూడలేదు.

పాత బ్యారెల్‌ను లోపల తొలిచి కొత్త గొట్టం, అంటే లైనర్, వేయించే పద్ధతి కూడా ఉంది. పైనున్న ముద్రలూ పాత రూపమూ అలాగే ఉంటాయి. నేను మొదట అదే అడిగాను. కానీ నా బ్యారెల్ ఎప్పుడో వంగితే ఎవరో సరిచేసిన గుర్తులున్నాయి. అందుకని లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ చేత పూర్తిగా కొత్త బ్యారెలే వేయించాను. పొడవు మాత్రం పాతదే, 29 అంగుళాలు. పాయింట్ 22కి అంత పొడవు వేగం కోసం అక్కర్లేదు. ముందు వెనక గురి కమ్ముల (సైట్ల) మధ్య దూరం ఎక్కువుంటే గురి సన్నగా కుదురుతుంది, అందుకే అలా ఉంచాను. లోపలి గాడుల మెలి 16 అంగుళాలకు ఒక చుట్టు, పోటీలకు వాడే ఇరుకైన మ్యాచ్ ఛాంబర్. పరీక్షల కోసం టెలిస్కోప్ బిగించే దిమ్మలు కూడా పెట్టించాను. అసలు బ్యారెల్‌కైతే రంధ్రం వేయడానికి ఒప్పుకునేవాడిని కాదు.

పరీక్ష ఇలా చేశాను. 50 మీటర్లు, ముందూ వెనకా ఇసుక సంచులు, ఒక్కో లాట్‌తో పదేసి గుళ్ల గ్రూపులు ఐదు. ఐదు గుళ్ల గ్రూప్ ఫొటో పెట్టి మురిసిపోవడం తేలిక. ఐతే అదే రైఫిల్‌తో పది గుళ్లు కాలిస్తే గ్రూప్ సగటున నాలుగో వంతు పెద్దదవుతుంది, మూడు గుళ్ల గ్రూప్‌తో పోలిస్తే తేడా ఇంకా ఎక్కువ. అందుకే చెడిన గ్రూపులను కూడా లెక్కలో ఉంచాను. కొలిచేటప్పుడు బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి ఒక గుండు వెడల్పు తీసేస్తాం కదా, అక్కడ 5.6 మిల్లీమీటర్లు తీసేస్తే తప్పు వస్తుంది. కాగితం వెనక్కి లాగుకుంటుంది కాబట్టి చిల్లు గుండుకంటే చిన్నగా ఉంటుంది. అదే కార్డు మీద ఒంటరి చిల్లును కొలిచి ఆ కొలత తీసేయాలి.

కొత్త బ్యారెల్‌తో వచ్చిన మొదటి గ్రూపులు చూసి నిరాశ పడ్డాను. వెడల్పు 13, 14 మిల్లీమీటర్లే, ఎత్తు మాత్రం 28 దాకా. పక్క గాలైతే అడ్డంగా చెదరగొట్టాలి, ఇక్కడ గుళ్లన్నీ నిచ్చెన మెట్లలా ఒకదాని కింద ఒకటి. రెండు బ్రాండ్లు మార్చాను, ఫలితం అదే. ఛాంబర్ సరిగ్గా తొలవలేదేమో అని గన్‌స్మిత్‌ను రెండుసార్లు అడిగాను కూడా. ఆయన ఓపిగ్గా కొలిచి చూపించాడు, అంతా సరిగ్గానే ఉంది.

ఒక రోజు ఇంటికొచ్చాక కాల్చిన ఖాళీ కేసులు పదింటిని బల్ల మీద వరసగా నిలబెట్టి భూతద్దంతో చూశాను. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పంటించే మందు ఉండేది కేసు అడుగు అంచు లోపలే. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపితేనే అంటుకుంటుంది. పదింటిలో నాలుగింటి మీద గాటు లోతుగా, చతురస్రంగా ఉంది. మిగతా ఆరింటి మీద గోటితో నొక్కినట్టు పైపైన, అదీ ఒక మూల తెగిపోయి. పిన్‌ను కొట్టించే స్ప్రింగ్ వందేళ్లుగా నొక్కుకుని నొక్కుకుని చేవ చచ్చింది, పిన్ కొన ఒక మూల విరిగింది. దెబ్బ ఒకసారి గట్టిగా, ఒకసారి నీరసంగా పడితే మందు ఒకేలా అంటుకోదు, వేగం మారుతుంది. సెకనుకు 325 మీటర్లు పోవాల్సిన గుండు 315 మీటర్లే పోతే 50 మీటర్ల దగ్గర ఏడెనిమిది మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం కొలిచే యంత్రం పెట్టి చూస్తే సరిగ్గా ఇదే కనిపించింది. కింద పడిన గుళ్లన్నీ నెమ్మదిగా వచ్చినవే.

స్ప్రింగ్, పిన్ రెండూ కొత్తవి వేయించాక మర్నాడు ఉదయమే రేంజ్‌కు వెళ్లాను. మొదటి పది గుళ్లు 18 మిల్లీమీటర్లలో. టెలిస్కోప్‌లో ఆ కార్డు చూస్తుంటే ఒళ్లు పులకరించింది. ఆ రోజు ఐదు గ్రూపుల సగటు 19. గన్‌స్మిత్‌కు ఫోన్ చేసి క్షమించమని చెప్పాను.

ఆ తర్వాత మిగిలింది తూటాల ఎంపిక. ఒకే బ్రాండ్, ఒకే రంగు పెట్టె, రెండు లాట్లు: ఒకదానితో సగటు 17.5, రెండోదానితో 24. ఖరీదైన పెట్టె కొంటే చాలు అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ చూడాలి. ఏలీ, లాపువా లాంటి తూటాల కంపెనీలకు ప్రత్యేకంగా టెస్ట్ రేంజ్‌లు ఉన్నాయి. రైఫిల్ తీసుకెళ్తే వేర్వేరు లాట్లు కాల్చి చూపిస్తారు. ఆ వీలు లేకపోతే రెండేసి పెట్టెలు కొని పరీక్షించి, నప్పిన లాట్ దొరికినంత కొనుక్కోవడమే దారి. బ్రాండ్ మార్చినప్పుడు పది పదిహేను గుళ్లు వదిలేసి కొలవండి, ఒక్కో కంపెనీ గుండుకు పూసే మైనం వేరు, బ్యారెల్ దానికి అలవాటు పడాలి. ధ్వని వేగం దాటే హై వెలాసిటీ తూటాలు కూడా కాల్చి చూశాను. గ్రూప్ 35 దాటింది, మళ్లీ వాటి జోలికి పోలేదు.

ఈ రైఫిల్‌లో ముందు చెక్క నేరుగా బ్యారెల్‌కే బిగించి ఉంటుంది. కాబట్టి సంచి ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. సంచి నాలుగు అంగుళాలు ముందుకు జరిపితే గుండు 6 మిల్లీమీటర్లు పైకి పోయింది. చెక్క మీద సన్నగా పెన్సిల్ గీత పెట్టుకున్నాను, ఎప్పుడూ సంచి అక్కడే. స్లింగ్ (రైఫిల్‌ను చేతికి కట్టుకునే పట్టీ) బిగుతు విషయంలోనూ అంతే.

ఇబ్బందులు లేకపోలేదు. మ్యాచ్ ఛాంబర్ ఇరుకు, గుండు గాడుల్లోకి కొద్దిగా దిగి కూర్చుంటుంది. అరవై డెబ్బై తూటాలయ్యాక మైనం, మసి గట్టిపడి తూటా తోయడానికి బొటనవేలు నొప్పెడుతుంది. గుడ్డ కట్టిన తాడును వెనక నుంచి మూతి వైపు ఒకసారి లాగితే మళ్లీ సాఫీగా పోతుంది. తోమే కడ్డీని మాత్రం మూతి వైపు నుంచి పెట్టను. శుభ్రం చేశాక మొదటి నాలుగైదు గుళ్లు కొంచెం ఎత్తున పడతాయి, వాటిని లెక్కపెట్టను. ట్రిగ్గర్ పాతదే, ముట్టుకోలేదు. ఆ కాలపు పనివాళ్లు ఎంత శుభ్రంగా చేశారో ట్రిగ్గర్ తెగే ఆ క్షణంలో తెలుస్తుంది.

టెలిస్కోప్ ఇప్పుడు తీసేశాను. కిందటి నెల పాత గురి కమ్ములతో, స్లింగ్‌తో పడుకుని 50 మీటర్ల కార్డు మీద పది కాల్చాను. పది వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లే. ఎనిమిది గుళ్లు దానికి తగిలాయి, రెండు తొమ్మిదిలో పడ్డాయి. గాలి ఎడమ నుంచి ఉండుండి వీస్తోంది, ఆ రెండూ కుడివైపే.

పాత బ్యారెల్‌ను పారేయలేదు. నూనె పూసి, గుడ్డ చుట్టి, మీదున్న ముద్రలు ఒక చీటీ మీద రాసి రైఫిల్ పెట్టెలోనే ఉంచాను. నా తర్వాత ఇది ఎవరి చేతికి వెళ్తే అదీ వాళ్లదే.