పాత క్వార్క్‌కి కొత్త పిక్: మార్చుకుంటే చాలా, జత మొత్తం కొనాలా?

ఊళ్ళో గొడ్డలి కర్ర విరిగితే కర్ర మారుస్తాం, ఇనుము మాత్రం తాతల నాటిదే ఉంటుంది. గడ్డకట్టిన జలపాతాలెక్కే ఐస్ టూల్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. పిడి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మంచులో దిగే పిక్ మాత్రం టైరు లాంటిది, అరగడమే దాని పని. ఇది తెలియక చాలామంది మొన మొద్దుబారగానే కొత్త జత కోసం వెతుకుతారు.

క్వార్క్, నోమిక్ రెండూ ఫ్రాన్స్ కంపెనీ పెట్జల్ చేసే ఐస్ టూల్సే. కొన్నేళ్ళ కిందట అమెరికాలో కొత్త నోమిక్ ఒక్కోటి సుమారు 300 డాలర్లు, జతకి 600 ఉండేది. పిక్ ఒక్కోటి 50 నుంచి 60 డాలర్లు ఉండేది. మీ దగ్గర 2010 తర్వాతి పెట్జల్ క్వార్క్ జత ఉండి, షాఫ్టులు, అంటే పిడి గొట్టాలు, బాగుంటే, ఐదో వంతు ఖర్చుతో పని అయిపోతుంది. కొత్త పిక్ వేసిన పాత క్వార్క్, మామూలు నిలువు మంచు మీద కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు.

అయితే "2010 తర్వాతి" అన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. ఆ ఏడాది పెట్జల్ క్వార్క్, నోమిక్, ఎర్గో అనే మూడు టూల్స్‌నీ మళ్ళీ డిజైన్ చేసి, ఒకే రకం పిక్‌లు పట్టేలా చేసింది. 2018లో కొత్త నోమిక్, ఎర్గోనోమిక్‌లతో వచ్చిన ప్యూర్ ఐస్, ప్యూర్ డ్రై పిక్‌లు కూడా క్వార్క్‌కి పడతాయి. అంతకుముందు కూడా క్వార్క్ పేరుతోనే టూల్ ఉండేది, కానీ దాని తల వేరు, పిక్ కూర్చునే చోటు వేరు. పాతది సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని తీసుకుని, తర్వాత పిక్ ఆర్డర్ చేస్తే డబ్బు దండగ. పేరు చూసి కాదు, బోల్టు రంధ్రాల అమరికని ఫొటోతో పోల్చి చూసి కొనండి. పిడి మీద పైకీ కిందకీ జరిగే వేలి ఆసరా, అడుగున చెయ్యి ఆనించుకునే గ్రిప్‌రెస్ట్ ఉంటే అది కొత్త తరానిదే.

ఏ పిక్? సుత్తో, మట్టి తవ్వే పారలాంటి ఆడ్జో తలకి ఉంచుకోవాలంటే 'ఐస్' అనే మామూలు పిక్ వేసుకోవాలి. ప్యూర్ ఐస్ మొన సన్నగా, పెళుసు మంచులో సుతారంగా దిగుతుంది, కానీ దానికి సుత్తి పట్టదు. సుత్తి తీసేస్తే క్వార్క్ తల తేలికైపోయి విసురులో బలం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి మాసెలోట్ అనే చిన్న బరువులు విడిగా అమ్ముతారు. వాటి ధర కూడా లెక్కలో వేసుకోండి. రాయి తగిలే దారులైతే మందమైన డ్రై రకం. కొండమీద పిటన్ (రాతి పగుల్లో దిగ్గొట్టే ఇనుప మేకు) కొట్టాల్సిన అవసరం ఎప్పుడైనా రావచ్చు అనుకునేవారికి మా ఓటు మామూలు ఐస్ పిక్‌కే.

వేరే కంపెనీల పిక్‌లూ దొరుకుతాయి. వాటి మీద ఐస్ టూల్స్‌కి యూరప్ పెట్టిన భద్రతా ప్రమాణం ఈఎన్ 13089 ముద్ర, టైప్ 1 లేదా టైప్ 2 గుర్తు చూడండి. పాతవాటి మీద ఇదే బి, టి అని ఉంటుంది. టి అన్నా టైప్ 2 అన్నా రాతి పగుల్లో పెట్టి మెలితిప్పే పనికి తగ్గ బలమైన రకం. ముద్రే లేకపోతే ఎంత చవకైనా వద్దు.

పిక్ ఎప్పుడు పనికిరాకుండా పోయిందో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. కొత్త పిక్‌ని బిగించే ముందు తెల్లకాగితం మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి దాచుకోండి. సీజన్ మధ్యలో పిక్ తీసి ఆ బొమ్మ మీద పెడితే ఎంత అరిగిందో, ఆకారం ఎటు పోయిందో కళ్ళకి కడుతుంది. మొన వెనక్కి జరిగి పిక్ కింది అంచున ఉండే మొదటి పన్ను దాకా వస్తే ఇక సాన పెట్టి లాభం లేదు. మొన దగ్గర సన్నగా, వెనక్కి పోయేకొద్దీ మందంగా ఉండేలా పిక్‌ని తయారుచేస్తారు. అరిగేకొద్దీ మందపు ఉక్కు ముందుకొస్తుంది. అప్పుడది మంచులో దిగదు, మంచుని పగలగొడుతుంది. దెబ్బ వేసిన చోట అన్నం పళ్ళెం అంత పెచ్చు ఊడి మీద పడుతుంటే, తప్పు మీ చేతిది కాకపోవచ్చు.

అంతదాకా రాకముందు సానతో బండి నడుస్తుంది. పిక్‌ని చెక్కముక్కల మధ్య వైస్‌లో బిగించి, ఎనిమిది అంగుళాల చదును ఆకురాయితో ఒకే దిశలో తోయండి. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయిని పైకెత్తాలి, లేకపోతే ఆకురాయి పళ్ళే పోతాయి. మొన కోణం కంపెనీ ఇచ్చినట్టే ఉంచండి. పక్కల చదును మీద రుద్దకండి, మొన పల్చబడి వంగుతుంది. మొదటి రెండు మూడు పళ్ళ పక్క అంచులు కొంచెం చంపితే దిగిన పిక్ తేలిగ్గా ఊడివస్తుంది. ఇది చాలామంది వదిలేసే పని, చేతులు బరువెక్కాక దాని విలువ తెలుస్తుంది. కరెంటు గ్రైండర్ జోలికి మాత్రం పోవద్దు. ఉక్కు వేడెక్కి నీలం రంగు తిరిగిందంటే దానికి పెట్టిన పదను పోయినట్టే. ఆ తర్వాత ఎంత నూరినా నాలుగు దెబ్బలకే మొన మడతపడుతుంది.

మార్చే పని పావుగంట. పీకే ముందు సుత్తి, వాషర్లు, బోల్టు ఏ వరుసలో ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అల్యూమినియం తలలో స్టీలు బోల్టు తడితో పట్టేసి ఉంటుంది. బలవంతం చేస్తే బోల్టు తల నున్నగా అరిగిపోయి పానా నిలవదు. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేసి, సరిగ్గా సరిపోయే పానాతో తెల్లారి తిప్పండి. మర గాడుల్ని పాత బ్రష్‌తో శుభ్రం చేసి, మర వదులవకుండా పట్టి ఉంచే జిగురు, మధ్యరకం నీలం థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క వేసి, కంపెనీ పత్రంలో చెప్పినంత బిగింపుతో బిగించండి. బోల్టు తల అరిగి ఉంటే పిక్‌తో పాటే కొత్తది వేయండి. అక్కడ రెండు డాలర్లు మిగుల్చుకోవడంలో అర్థం లేదు.

కొత్త పిక్ వేశాక కింద నిలబడి పది పదిహేను దెబ్బలు వేసి మళ్ళీ బిగింపు చూడండి. పిక్ కొసని పట్టుకుని అటూ ఇటూ ఊపితే చిన్న టిక్కుమన్న చప్పుడు కూడా రాకూడదు. ఆ చప్పుడుతోనే సీజన్ అంతా ఎక్కితే రంధ్రం గుడ్డు ఆకారానికి తిరుగుతుంది, దాని అంచు నుంచి చీలిక మొదలవుతుంది. పిక్ తీసిన ప్రతిసారీ రంధ్రాల చుట్టూ, మొదటి పళ్ళ మూలల్లో వెలుగులో చూడాలి. వెంట్రుకంత గీత కనిపించినా ఆ పిక్ పక్కన పెట్టేయాల్సిందే.

షాఫ్టుకి లోతైన సొట్ట, తల దగ్గర కదలిక, పగులు ఉంటే కొత్త పిక్ కొనడం వృథా. చరిత్ర తెలియని సెకండ్‌హ్యాండ్ కార్బన్ షాఫ్టులూ అంతే, లోపలి పొరలు విడిపోయినా బయటికి తెలియదు. లోహపు భాగాలకి పెట్జల్ గడువేమీ పెట్టలేదు కానీ ప్లాస్టిక్‌కీ, నేతకీ పదేళ్ళే. కాబట్టి పాత జతకి గ్రిప్‌రెస్ట్, నడుముకి కట్టుకునే సాగే తాళ్ళు కూడా చూసుకోవాలి. చేతికి వార్లు కట్టుకుని ఎక్కిన 1990ల నాటి నిటారు పిడి టూల్స్‌కి పిక్‌లు వెతికి తెప్పించమని మేం చెప్పం.

ఇక మిగిలింది ఆకారం. ముందుకు వాలిన మంచు, వేలాడే స్తంభాలు మీ లక్ష్యమైతే, క్వార్క్‌కి ఏ పిక్ వేసినా దాని పిడి నోమిక్‌లా వంగదు. నోమిక్ పిడి వేళ్ళ కణుపుల్ని మంచుకి దూరంగా ఉంచుతుంది. అక్కడ కొత్తది కొనడం న్యాయమే. కానీ హిమాలయ శిఖరాలకి, మంచులో పిడి గుచ్చుతూ నడవాల్సిన చోట, క్వార్క్ పిడి అడుగు మొన ముందు నోమిక్ తేలిపోతుంది.

లడఖ్‌లో లేహ్ దగ్గరి గాంగ్లెస్‌కో నుబ్రా లోయకో మంచు ఎక్కడానికి జనవరిలో వెళ్ళేవాళ్ళు అక్కడికెళ్ళి పిక్ కొనుక్కుందామని అనుకోవద్దు. ముందే తెప్పించుకుని, ఒక అదనపు పిక్, దాని బోల్టు, పానా సంచిలో పెట్టుకోండి. విమానంలో ఇవన్నీ చెక్‌ఇన్ సామానులోనే. తీసేసిన పాత పిక్‌లలో చీలిక లేనివాటి మీద రంగు గీత పెట్టి దాచండి, మంచు లేని రాతిని ఈ టూల్స్‌తోనే ఎక్కే డ్రైటూలింగ్ సాధనకి అవి చాలు.