12 ట్యులిప్ దుంపలు కొన్నాను, పూసింది రెయిన్ లిల్లీ

మిద్దెతోట వాళ్ళకి ఒక జాగ్రత్త. దసరా వెళ్ళగానే ఫోన్ నిండా ట్యులిప్ దుంపల ప్రకటనలు మొదలవుతాయి. పోయినేడాది నేను వాటికే పడిపోయాను. ఏప్రిల్‌లో శ్రీనగర్ వెళ్ళి, జబర్వాన్ కొండల కింద ఉన్న ట్యులిప్ తోట చూసొచ్చిన మోజు ఇంకా తీరలేదు మరి.

12 దుంపలు, 1,140 రూపాయలు. "ముందే చల్లబరిచినవి, హైదరాబాద్‌లోనూ పూస్తాయి" అని రాశారు. ఫొటోలో ఆకాశనీలం పువ్వు కూడా ఉంది. అక్కడే అనుమానం రావాల్సింది. ట్యులిప్‌లో అసలైన నీలం ఇంతవరకు లేనే లేదు, ఆ పేరుతో అమ్మేవి ఊదారంగువి.

నవంబర్‌లో ఆర్డర్ పెడితే జనవరి నెలాఖరుకి వచ్చాయి. గాలి ఆడని పాలిథిన్ కవర్, లోపలంతా చెమ్మ. పైపైన బూజున్నా దుంప గట్టిగా ఉంటే పర్వాలేదు కానీ, అయిదు దుంపలు నొక్కితే వేలు లోపలికి దిగింది. మూడింటికి ఒక్కో వెడల్పాటి ఆకు వచ్చి ఆగిపోయింది. మిగతా నాలుగింటికి గడ్డిపోచల్లాంటి ఆకులు! ట్యులిప్ ఆకు ఇలా ఉండదే అనుకుంటూనే నీళ్ళు పోశాను. జూన్‌లో తొలకరి పడ్డాక గులాబీరంగు రెయిన్ లిల్లీలు పూశాయి. పక్కింటి పిన్నిగారు చూసి, "ఇవి మా గోడ వారనే ఉన్నాయి కదమ్మా, అడిగితే ఇచ్చేదాన్నిగా" అన్నారు.

అమ్మినవాళ్ళనడిగితే "మీ ఎండల వల్ల మేడమ్" అన్నారు. వాపసు గడువు 7 రోజులట. దుంప మొలకెత్తడానికే అంతకంటే ఎక్కువ పడితే మోసం తెలిసేదెప్పుడు? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాక కుళ్ళిన అయిదింటికి మాత్రం డబ్బొచ్చింది. అదీ పార్సిల్ విప్పేటప్పుడు మా అబ్బాయి వీడియో తీశాడు కాబట్టి.

ఎండల మాట పూర్తిగా అబద్ధమూ కాదు. ట్యులిప్ కాడ సాగి పువ్వు రావాలంటే సుమారు 12 నుంచి 16 వారాలు 9 డిగ్రీల లోపు చలి కావాలి. శ్రీనగర్‌లో ఆ పని మంచు చేస్తుంది. మన దగ్గర సరిగ్గా చల్లబరిచిన దుంప దొరికినా అది ఒక్క సీజన్ ముచ్చటే, మరుసటేడు మళ్ళీ కొనాల్సిందే. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచేవాళ్ళు యాపిల్స్ పక్కన పెట్టకండి, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకి లోపలి మొగ్గ చచ్చిపోతుంది. పైన చీటీ కూడా అంటించండి. ఎవరైనా ఉల్లిపాయ అనుకుని తరిగేస్తే కష్టం, ఆ దుంప విషం.

కొనేముందు చుట్టుకొలత అడగండి. 12 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే నయం. మరీ చిన్నవాటికి నాకొచ్చినట్టు ఒంటి ఆకే వస్తుంది. పార్సిల్ వచ్చిన రోజే ఒక దుంపని నిలువునా కోసి చూడండి. ప్రాణం ఒప్పదు, నిజమే. తెల్లటి పొరల మధ్య బుల్లి మొగ్గ కనపడకపోతే ఆ రోజే వాపసు పెట్టేయండి.

నిన్న మళ్ళీ చూశాను. ఆ నీలం పువ్వు ఫొటో అక్కడే ఉంది, ధర మాత్రం 200 పెంచారు.