సెయింట్ లూయిస్ యూనియన్ స్టేషన్ హోటల్: ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ రివ్యూ

స్టేషన్ మాస్టరుగా రిటైరైనవాడు హోటల్ రివ్యూ రాస్తే దుప్పట్లు, బాత్రూముల కన్నా ముందు పట్టాల సంగతే ఎత్తుకుంటాడు. రూముల గురించి మాత్రమే కావాల్సినవాళ్ళు చివరికి వెళ్ళి చదువుకోండి, ఏమీ అనుకోను.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్ ఊరు. 1894 సెప్టెంబరులో రైల్వేస్టేషన్‌గా తెరిచిన ఈ భవనం ఇప్పుడు హిల్టన్ వాళ్ళ క్యూరియో పేరు మీద హోటల్‌గా నడుస్తోంది. "స్టేషన్లోనే పడుకోవచ్చు మామయ్యగారూ, మీకు బాగా నచ్చుతుంది" అంటూ అల్లుడు బుక్ చేశాడు. సర్వీసంతా స్టేషన్లో నిద్ర ఆపుకుంటూ గడిపినవాణ్ణి, ఇప్పుడు డబ్బు కట్టి పడుకోమంటున్నావా బాబూ అన్నాను.

బయటి నుంచి చూస్తే స్టేషన్‌లా ఉండదు, కోటలా ఉంటుంది. థియోడర్ లింక్ అనే ఆర్కిటెక్ట్ ఫ్రాన్స్‌లోని కార్కసోన్ కోటను మనసులో పెట్టుకుని గీశాడని చెబుతారు. పక్కన 230 అడుగుల గడియార స్తంభం. మెట్లెక్కి పైకి వెళితే గ్రాండ్ హాల్. అక్కడ మాత్రం నోరు మూతపడిపోయింది. 65 అడుగుల ఎత్తున గుండ్రటి కప్పు, దాని నిండా బంగారు రేకు పని, గోడల పొడుగునా ఆకుపచ్చ, పసుపు రంగుల్లో ఆర్చీలు. ఇది ఒకప్పుడు వెయిటింగ్ హాల్. హోల్డాల్ మీద తల పెట్టుకుని, ట్రంకు పెట్టెకి కాలు ఆనించి పడుకోవడానికి ఇంత హాలా అనిపించింది. ప్రధాన ద్వారం మీద రంగుటద్దాల కిటికీలో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. ఒకామె న్యూయార్క్, ఒకామె శాన్‌ఫ్రాన్సిస్కో, మధ్యలో సెయింట్ లూయిస్. దేశానికి నట్టనడుమ జంక్షన్ మాదే అని ఊరివాళ్ళు అంత ధీమాగా చెప్పుకున్నారన్నమాట. ఆ రోజుల్లో చెల్లింది కూడా. ఒక దశలో 22 రైల్వే కంపెనీల బండ్లు ఈ ఒక్క స్టేషన్‌కి వచ్చేవి. 1940ల్లో రోజుకి లక్షమంది దాకా ఇక్కడ ఎక్కి దిగారు. "ట్రూమన్ ఓడిపోయాడు" అని అచ్చేసిన పేపర్ని ఆ ఎన్నికలో గెలిచిన అమెరికా అధ్యక్షుడు ట్రూమనే స్వయంగా పట్టుకుని నవ్వుతున్న ఫోటో చూసే ఉంటారు. 1948 నవంబరులో అది తీసింది ఈ స్టేషన్లోనే, రైలు వెనక పెట్టె మెట్ల దగ్గర.

ఆ కిటికీ కింద ద్వారం మీదున్న ఆర్చీకి ఒక తమాషా ఉంది. ఈ చివర గోడకి మొహం పెట్టి గుసగుసగా మాట్లాడితే, నలభై అడుగుల అవతల ఆ చివర నిలబడ్డ వాళ్ళకి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. మధ్యలో నడిచే జనానికి ఒక్క ముక్క వినపడదు. మా ఆవిణ్ణి ఆ మూల నిలబెట్టి, నేను ఈ మూల గోడకి చెవి ఆనించాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత స్పష్టంగా, ఊపిరితో సహా, "బీపీ మాత్ర వేసుకున్నారా?" అని వచ్చింది. వెనక క్యూలో ఉన్న కుర్ర జంట మా తర్వాత ఏం చెప్పుకున్నారో గానీ, ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

ఇదంతా ఉచితం. ఈ రివ్యూలో నేను నొక్కి చెప్పదలచుకున్నది ఇదే. రూము తీసుకోనక్కర్లేదు, కాఫీ కొననక్కర్లేదు, వీధిలోంచి నేరుగా వచ్చి హాల్లో సోఫా మీద కూర్చోవచ్చు. స్టేషన్ అంటే అసలు గుణం అదే కదా, ఎవరైనా రావచ్చు. పాత స్టేషన్ని హోటల్ చేశారా, ఆఫీసు చేశారా, మ్యూజియం చేశారా అన్నది నాకు తర్వాతి ప్రశ్న. ఆ పెద్ద హాలుకి గేటు పెట్టారా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఇక్కడ పెట్టలేదు.

ఇక వెనకవైపు. నేను అసలు చూడాలనుకున్నది ట్రెయిన్ షెడ్డు. జార్జ్ పెగ్రామ్ అనే ఇంజనీరు కట్టాడు. పదకొండెకరాల పైచిలుకు నేల మీద ఒకే ఇనుప కప్పు. మొదట్లో దాని కింద 32 లైన్లు, తర్వాత్తర్వాత 42 దాకా పెరిగాయి. ఇది డెడ్ ఎండ్ స్టేషన్. వచ్చిన బండి మొదట స్టేషన్ దాటిపోయి, అక్కణ్ణుంచి వెనక్కి నడుస్తూ ప్లాట్‌ఫారం మీదికి వచ్చేది. అందువల్ల ఇంజను, దాని పొగ షెడ్డుకి బయటివైపే ఉండిపోయేవి, బయల్దేరేటప్పుడు బండి నేరుగా ముందుకి పోయేది. ప్రయాణికుడికి సుఖమే. పనిచేసేవాడి కోణంలో చూడండి. ప్రతి బండినీ రివర్సులో తేవాలి, యార్డు గొంతు దగ్గర, అంటే లైన్లన్నీ ఇరుకుగా కలిసే చోట, బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే పాయింట్లన్నీ ఒకదానికొకటి అడ్డం. ఒక్క బండి అక్కడ ఆగిందంటే వెనక అన్నీ ఆగినట్టే. ఆ రద్దీలో ఈ పాయింట్లు నడిపినవాళ్ళకి మనసులోనే సెల్యూట్ కొట్టాను. మా అమ్మాయి మాత్రం "నాన్నా, ఖాళీ పార్కింగ్ వంక అంతసేపు ఏం చూస్తున్నావ్?" అంది.

అవును, ఇప్పుడు అక్కడ కొంత భాగం కార్ పార్కింగే. మిగతా భాగంలో అక్వేరియం, 200 అడుగుల జెయింట్ వీల్, చిన్న చెరువు, పిల్లల ఆటలు. అక్వేరియం 2019 క్రిస్మస్ నాడు తెరిచారు. పదమూడు వేలకు పైగా జీవులున్నాయట. మనవరాలు నీటికుక్కల దగ్గర్నుంచి కదల్లేదు. నాకు చేపల మీద ప్రత్యేకించి అభిప్రాయాలు లేవు.

కానీ ఇలా చేపలదాకా ఎందుకొచ్చిందో తెలిస్తే వాటిని తిట్టబుద్ధి కాదు. విమానాలు, హైవేలు వచ్చాక జనం రైలెక్కడం తగ్గించారు. 1961 నాటికే కొన్ని లైన్ల మీద పార్కింగ్ కోసం తారు పోశారు. 1971లో ప్యాసింజర్ బండ్లు ఆమ్‌ట్రాక్ అనే జాతీయ రైలు సంస్థ చేతికి వచ్చాయి. రోజుకి వచ్చే కాసిని బండ్ల కోసం ఇంత కప్పుని ఎవరు బాగుచేయిస్తారు, ఇంత హాలుని చలికాలంలో ఎవరు వెచ్చగా ఉంచుతారు? 1978 అక్టోబరు 31న చివరి బండి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక సంస్థ కొని, 15 కోట్ల డాలర్లు పెట్టి, 1985లో హోటలూ షాపింగ్ మాలూ కలిపి తెరిచింది. మొదట్లో జనం విరగబడ్డారు. క్రమంగా మాల్ చప్పబడిపోయింది.

నా లెక్కలో అది చప్పబడక తప్పదు. స్టేషన్లో కొట్టు నడిచేది స్టేషన్ బాగుందని కాదు, బండి కోసం కాచుకునేవాడికి వేరే పని లేదు కాబట్టి. బండి తీసేశాక ఆ కొట్టు కూడా ఊళ్ళో వంద కొట్లలో ఒకటి, పైగా దూరం. సిన్సినాటి ఊళ్ళోని పాత స్టేషన్ యూనియన్ టెర్మినల్‌లోనూ ఇదే జరిగింది. 1980లో మాల్ పెట్టారు, 1985కల్లా మూతపడింది. 1990లో మ్యూజియాలు వచ్చాకే అది నిలదొక్కుకుంది. విచిత్రం, 1991లో ఆమ్‌ట్రాక్ బండి కూడా తిరిగొచ్చింది. మ్యూజియాలు ఉండబట్టి కప్పు నిలబడింది, కప్పు ఉంది కాబట్టి బండికి చోటు దొరికింది. రైల్వేవాడిగా నా మొదటి మార్కు సిన్సినాటికే. డెట్రాయిట్‌లో మిచిగన్ సెంట్రల్ 1988లో మూతపడి, రాగి తీగలు కూడా ఊడబెరుక్కుపోయేదాకా ముప్పై ఏళ్ళు పాడుబడింది. 2018లో ఫోర్డ్ కంపెనీ కొని బాగుచేయించి 2024లో తెరిచింది. అంత పెద్ద కంపెనీ ప్రతి ఊరికీ దొరకదు. అంతెందుకు, న్యూయార్క్‌లో పాత పెన్ స్టేషన్ని 1963లో కూల్చడం మొదలుపెట్టాకే ఆ ఊరివాళ్ళకి పాత కట్టడాల్ని కాపాడే చట్టం ఒకటి కావాలని తట్టింది. 1965లో వచ్చిందా చట్టం. వీటన్నిటి పక్కన పెట్టి చూస్తే జెయింట్ వీల్ ఏమంత పాపం కాదు.

ఒక్కటి మాత్రం నాకు రుచించలేదు. సాయంత్రాలు గ్రాండ్ హాల్ కప్పు మీద లైట్ల షో వేస్తారు. పాటలు, రంగులు, కప్పు కరిగిపోతున్నట్టు, చేపలు ఈదుతున్నట్టు బొమ్మలు. పిల్లలు కేరింతలు కొట్టారు, మా ఆవిడ వీడియో తీసి గ్రూపులో పెట్టింది. నాకైతే ఆ కప్పు మీదున్న బంగారు పని చాలు, పైన ఇంకో రంగు అక్కర్లేదు. నాలాంటివాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. సోఫాలు ఖాళీగా ఉంటాయి, పైకి చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు.

రూముల సంగతి. శుభ్రంగా ఉన్నాయి, పరుపు బాగుంది, ఫిర్యాదుల్లేవు. కొన్ని రూములు పాత భవనంలోనూ, ఎక్కువ భాగం షెడ్డు కప్పు కింద కొత్తగా కట్టిన దాంట్లోనూ ఉంటాయి. బుక్ చేసేటప్పుడే ఏది కావాలో అడగండి. చారిత్రక భవనంలో ఉన్నామన్న తృప్తి కావాలంటే పాతవైపు, పిల్లలతో అక్వేరియానికి దగ్గరగా ఉండాలంటే షెడ్డువైపు. కారుంటే పార్కింగ్ ఖర్చు విడిగా లెక్కేసుకోండి. ఎదురుగా మార్కెట్ స్ట్రీట్ దాటితే ఒక ఫౌంటెన్ ఉంది. కార్ల్ మిలెస్ అనే శిల్పి చేసిన కంచు బొమ్మలు. మిసిసిపీ, మిస్సోరీ నదులు కలవడాన్ని పెళ్ళిగా చూపించాడు. 1940లో పెట్టినప్పుడు బట్టల్లేని బొమ్మలేంటని ఊళ్ళో పెద్ద గొడవే అయిందట. హాల్లోంచి బయటికొచ్చినవాళ్ళు కారెక్కే ముందు ఓ పదినిమిషాలు అక్కడ ఆగండి.

నిజంగా రైలెక్కాల్సినవాళ్ళు మాత్రం సామాను పట్టుకుని ఇక్కడికి రాకండి. షికాగో బండైనా, కాన్సాస్ సిటీ బండైనా ఆగేది తూర్పున కొన్ని వీధుల అవతల, 2008లో కట్టిన గేట్‌వే స్టేషన్లో. టాక్సీవాడికి ఉత్తినే "స్టేషన్" అనకుండా ఆ పేరు చెప్పండి.