పెరటి చేపల తొట్టికి చుక్కల టెస్ట్ కిట్: చాలాకాలం వాడాక

గోల్డ్‌ఫిష్ పెంచేవాళ్లు ముందు పీహెచ్ పెన్ను కొంటారు, నేనైతే ఆల్కలినిటీ (అంటే పీహెచ్‌ని ఊగకుండా పట్టి ఉంచే గుణం) చూసే చుక్కల సీసా ముందు కొనమంటాను. పాలకొల్లు దగ్గర మా పెరట్లో వెయ్యి లీటర్ల సిమెంటు తొట్టి ఉంది. పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ మూడూ చూసే చుక్కల కిట్ కొన్నేళ్లుగా వాడుతున్నాను, అయిపోతే మళ్లీ అదే తెచ్చుకుంటున్నాను.

వాడకం తేలిక. గొట్టంలో 5 మి.లీ. నీళ్లు పోసి ఒక్కో చుక్క వేసి కలుపుతూ పోతే ఆల్కలినిటీకి నీలం కాస్తా పసుపు అవుతుంది. ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు, డిగ్రీ అంటే దాదాపు 18 పీపీఎం (లీటరుకి 18 మిల్లీగ్రాములు). 10 మి.లీ. తీసుకుంటే చుక్కకి అర డిగ్రీయే, లెక్క ఇంకా కచ్చితంగా వస్తుంది. హార్డ్‌నెస్‌లో ఎరుపు ఆకుపచ్చగా మారడం మాత్రం ట్యూబ్‌లైట్ కింద సరిగ్గా కనపడదు, పగటి వెలుతురులోనే చూడాలి. నీళ్లలో ముంచి రంగు చూసే స్ట్రిప్పులైతే మన ఉక్కపోతకి ఆగవు, తేమ తగిలి రంగులు తేడా చూపిస్తాయి.

మన డెల్టాలో ఏడాది పొడుగునా ఒకే నీళ్లు ఉండవు. కాలువ నీళ్లు వస్తున్నన్నాళ్లు ఒక లెక్క, ఎండాకాలం కాలువలు కట్టేసి బోరు మీద పడ్డాక ఇంకో లెక్క. బోరు నీళ్లలో టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒకే అంకెగా చూపేది) ముంచి, వెయ్యి దాటింది, ఇవి హార్డ్ వాటర్ అనేస్తారు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ అంకెలో ఎక్కువ భాగం ఉప్పే కావచ్చు, హార్డ్‌నెస్ అంటే కాల్షియం, మెగ్నీషియం, అది చుక్కలు వేస్తేనే తెలుస్తుంది. బోరు నీళ్లు పట్టిన వెంటనే పీహెచ్ కూడా చూడకండి. వాటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ వల్ల తక్కువ చూపిస్తుంది, గాలి పంపు పెట్టి ఒక రోజు ఉంచాక చూడండి.

నాకు టెన్షన్ అంతా వానాకాలంలోనే. డాబా నీళ్లు పడి ఆల్కలినిటీ పలచబడుతుంది, ఫిల్టర్‌లో అమ్మోనియాని మార్చే బాక్టీరియా కూడా దాన్ని రోజూ కొంత వాడేస్తుంది. ఆల్కలినిటీ అడుగంటితే పీహెచ్‌ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు, నాచు పట్టిన నీళ్లలో తెల్లారుజామున బాగా కిందికి, మధ్యాహ్నం 9 దాకా పైకి పోతుంది. పీహెచ్ పెరిగితే ఉన్న అమ్మోనియాయే ఎక్కువ విషం అవుతుంది. రొయ్యల రైతులు పొద్దున, మధ్యాహ్నం రెండుసార్లు పీహెచ్ చూసేది ఈ తేడా కోసమే, మనమూ అలాగే చూడాలి. గోల్డ్‌ఫిష్‌కి 7.2 అయినా 8.2 అయినా పర్వాలేదు, అటూ ఇటూ ఊగకపోతే చాలు.

ఆల్కలినిటీ 80 పీపీఎం కంటే తగ్గితే వంట సోడా వేస్తాను. వెయ్యి లీటర్లకి 30 గ్రాములు వేస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది, మగ్గులో కరిగించి రోజుకి కొంచెం పోయాలి. దానితో హార్డ్‌నెస్ పెరగదు, అందుకు ఫిల్టర్‌లో ఆలిచిప్పల సంచి పెట్టుకున్నాను, అవి మెల్లగా కరుగుతాయి. చిన్న తొట్టిలో సున్నం మాత్రం వేయొద్దు, పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

కిట్‌లో నాకు నచ్చనిది ఒక్కటే, ఆల్కలినిటీ సీసా మిగతా రెండిటికంటే ముందే అయిపోతుంది. విడి సీసా అమ్మే షాపు చూసుకుని, గడువు తేదీ చదివి కొనండి.