పర్లాకిమిడిలో పాత చిన్న ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు: పనితనం, ఖర్చు, లోటుపాట్లు

ఇంటి వెనక ఎక్కడో పాత చిన్న ట్రాక్టరో పవర్ టిల్లరో తుప్పుపట్టి పడుంటే, దాన్ని ఇనుము తూకానికి ఇచ్చీకముందు ఒక్కసారి ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఈ షెడ్డుకి తీసుకెళ్లి చూపించండి. పాతపట్నం వైపు నుంచి మహేంద్రతనయ నది దాటి ఊళ్లోకొస్తే పంపుసెట్టు సామాన్లమ్మే ఏ షాపులో అడిగినా దారి చెప్తారు. షెడ్డుకి బోర్డు లేదు, పేరు లేదు, మేస్త్రి గారు తన పేరు, నంబరు ఎక్కడా పెట్టొద్దన్నారు అంచేత పెట్టట్లేదు.

మా బండి మిత్సుబిషి శక్తి ఎమ్‌టీ 180డీ. 18.5 హెచ్‌పీ, మూడు సిలిండర్ల డీజిల్, చూడ్డానికి చిన్నదే గాని కొబ్బరి చెట్ల మధ్య నుంచి, జీడితోటలో కొమ్మల కింద నుంచి దూరిపోతుంది, పెద్ద ట్రాక్టరు అక్కడ తిరగలేదు. మా చిన్నాన్న కొన్నారు, కాశీనగర్ దగ్గర తోటలో చాలా ఏళ్లు పని చేసింది. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రేకులు లేచిపోయి, నీళ్లొచ్చి, సీటు వరకు మునిగిపోయింది. నీళ్లు దిగేక ఎవరూ ఇంజన్లో ఆయిలు తియ్యలేదు, అప్పుడు ఇళ్లూ చెట్లూ చూసుకోడానికే సరిపోయింది మరి. అలగే ఉండిపోయింది, ఇంజను బిగుసుకుపోయింది.

ముందు వేరే ఊళ్లో ఒక వర్క్‌షాపు వాళ్లకి చూపిస్తే గేరులో పెట్టి ఇంకో ట్రాక్టరుకి తాడు కట్టి లాగించేరు, చక్రాలు ఈడ్చుకుంటూ పోయేయి తప్ప ఇంజను కదల్లేదు, ఇంక ఇది అవదు వేరే ఇంజను ఎక్కించుకోండని చెప్పేరు. బిగుసుకున్న ఇంజన్ని అలా లాగించకూడదు. పిస్టన్ రింగులు తుప్పుతో బోరుకి, అంటే సిలిండరు లోపలి గోడకి, అంటుకునుంటాయి, బలవంతంగా లాగితే రింగు విరుగుతుంది, లేకపోతే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, అప్పుడు నిజంగానే అది ఇనుము సామానే. మా బండికి అదృష్టం కొద్దీ అలగేం అవలేదు.

పర్లాకిమిడి మేస్త్రి గారు చేసిన మొదటి పని ఏటంటే ఏమీ విప్పకుండా బండి చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకోడం. ఏ గొట్టం ఎక్కడ నుంచి ఎక్కడికి పోతోంది, ఏ బోల్టు కంపెనీది, ఏది తర్వాత ఎవరో వేసింది, అన్నీ. తర్వాత సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నోజుళ్లు విప్పి ఆ కన్నాల్లోంచి డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి వదిలేసేరు. రోజూ కాస్త పోస్తూ, క్రాంకు నట్టుకి పొడుగు బారు పెట్టి ముందుకి ఒక పిసరు వెనక్కి ఒక పిసరు ఊపడమే. నేను ఆత్రంగా ఫోన్ చేస్తే “బాబూ, అది దానంతటది వొదలాల, మనం లాగితే వొదల్దు” అన్నారు. వొదిలింది కూడా.

హెడ్డు విప్పేక చూస్తే ఒక బోరులో నీళ్లు నిలిచిన చోట గుండ్రంగా తుప్పు గీత, దాని కింద గుంటలు. ఇక్కడే నాకు ఈయన మీద నమ్మకం కుదిరింది. బోర్ గేజి పెట్టి మూడు సిలిండర్లూ పైన, మధ్యన, కింద కొలిచి ఒక అట్టముక్క మీద రాసి నాకు చూపించేరు. ఒక్క బోరే పాడయ్యింది కదా దానికొక్కదానికే చేసీండి ఖర్చు తగ్గుతుందని నేనంటే, ఒక్కదానికే ఓవర్‌సైజు పిస్టన్ వేస్తే మూడు పిస్టన్ల బరువుల్లో తేడా వచ్చి ఇంజను వణుకుతుంది, చేస్తే మూడూ చెయ్యాల లేకపోతే మానెయ్యాల అన్నారు. బ్లాకు బరంపురం పంపించి మూడూ 0.50 ఎమ్ఎమ్ ఓవర్‌సైజుకి బోరింగ్, అంటే లోపల చెక్కి వెడల్పు, చేయించేరు. క్రాంకు మాత్రం మైక్రోమీటరుతో కొలిచి ఇది బాగుంది, గ్రైండింగ్ అక్కర్లేదు, బేరింగులు మారిస్తే చాలన్నారు. గ్రైండింగ్ కూడా చేయించీసి బిల్లులో వేసినా నాకు తెలిసేది కాదు, నేను ఎదురు చెప్పేవాణ్ణి కూడా కాదు. కొలవకుండా మార్చీడం ఇప్పుడు అన్ని చోట్లా అలవాటైపోయింది, పాత బండి విషయంలో ఆ అలవాటు చాలా చేటు, ఎందుకంటే తీసి పారేసిన ఒరిజినల్ పార్టు మళ్లీ దొరకదు.

తుప్పు వదలగొట్టే పద్ధతి కూడా చెప్పాలి. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్లు, అందులో చాకలి సోడా కలిపి, తుప్పు పట్టిన సామాన్ని తీగతో వేలాడదీసి బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ దానికిచ్చి, పక్కన పనికిరాని ఇనప ముక్కలు వేలాడదీసి పాజిటివ్ వాటికిస్తారు. రాత్రంతా ఉంచితే తుప్పు మెత్తబడి బ్రష్షు పెడితే ఊడొస్తుంది, కింద మంచి ఇనుము ఒక్క పిసరు అరగదు. ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు గాని ఆరుబయట చెయ్యండి, హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎట్టి పరిస్థితుల్లో పెట్టకండి, దాన్లో క్రోమియం నీళ్లలోకి దిగి విషమవుతుంది. అల్యూమినియం సామాను కూడా అందులో వెయ్యకూడదు, సోడా తినేస్తుంది.

నోజుళ్లు టెస్టరు మీద పెట్టి నా కళ్ల ముందే కొట్టి చూపించేరు. మంచి నోజులు పొగమంచులా చిమ్ముతుంది, పోయినది చుక్కలు కారుతుంది. మావాటిలో ఒకటి కారింది, అది మార్చేరు. స్టార్టు చేసేముందు ఇంజన్ని లోపల వేడెక్కించే హీటర్ ప్లగ్గులు విప్పి బ్యాటరీకి తగిలించి కొన ఎర్రబడుతోందా లేదా అని ఒక్కొక్కటే చూసేరు. చలికాలం పొద్దున్న బండి స్టార్టవకపోతే చాలామంది సెల్ఫు మోటారు మీద పడతారు, హీటర్లు చూడరు.

స్టార్టు చేసిన రోజు చిన్నాన్నని తీసుకెళ్లేను. ఫిల్టరు దగ్గర గాలి తీసి, తర్వాత పంపు దగ్గర, ఆఖర్న నోజుల్ నట్లు వదులు చేసి డీజిలు బుడగల్లేకుండా వచ్చేవరకు ఆగి అప్పుడు తాళం తిప్పేరు. తెల్లపొగ దట్టంగా వచ్చి మెల్లగా పలచబడి పోయింది, మూడు సిలిండర్లూ సమంగా పలికేయి. చిన్నాన్న ఏమీ అనలేదు, వెళ్లి బోనెట్ మీద చెయ్యేసి నిల్చున్నారు చాలాసేపు.

ఇంక రంగు సంగతి. నాకు కొత్త బండిలా మెరిసిపోవాలని ఉండేది, మేస్త్రి గారు ఒప్పుకోలేదు. “రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు బాబూ, కంపెనీ రంగు మళ్లీ వేస్తారేటి” అన్నారు. ఇప్పుడు ఆయన మాటే రైటనిపిస్తోంది. అమెరికాలో ఈ పాత గార్డెన్ ట్రాక్టర్లు సేకరించేవాళ్లు చాలామందున్నారు, అక్కడవి పచ్చిక కొయ్యడానికి, మంచు తొయ్యడానికి చేసిన పెట్రోలు బళ్లు, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల కబ్ కేడెట్ 1961లో, జాన్ డీర్ 110 1963లో వచ్చేయి. వాళ్లలో కూడా అసలు రంగూ స్టిక్కరూ మిగిలిన బండికి, కొత్తగా రంగేసిన బండి కంటే ఎక్కువ విలువిచ్చేవాళ్లు చాలామందే. మా బండి మడ్‌గార్డు మీద శక్తి అన్న అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి, అలగే ఉంచేరు, బాగుంది. కాకపోతే ఇనుము బయటపడ్డ చోటల్లా రెడ్ ఆక్సైడ్ బ్రష్షుతో పూసి వదిలేసేరు, అది మాత్రం అసహ్యంగా ఉంది, ఆ మాత్రం స్ప్రే చెయ్యొచ్చు. మన గాలిలో తేమకి ప్రైమరు తప్పదు, కాదన్ను, కాస్త నీటుగా వేస్తే బాగుండేది.

షెడ్డు వెనకాల ఆయన సొంతానికి దాచుకున్న బళ్లున్నాయి, అడిగితే చూపిస్తారు. ఒక పాత ఐషర్ ఉంది, రేడియేటరు లేని ఎయిర్ కూల్డ్ ఇంజను. మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టరు ఐషరే, 1959లో ఫరీదాబాద్‌లో జర్మన్ కంపెనీతో కలిసి చేసేరు. దాని పక్కన హెచ్ఎమ్‌టీ 2511, చెకోస్లొవేకియా జెటార్ డిజైను, 25 హెచ్‌పీ. ఇంకా కేరళ కామ్‌కో వాళ్ల పవర్ టిల్లరు, కుబోటా డిజైనుది, దాంతో ఇప్పటికీ దమ్ము చేస్తారట. ఆయన దగ్గరున్న ప్రతి బండీ స్టార్టవుతుంది, అది చూసేక గొప్పగా అనిపించింది నాకు. స్టార్టవని బండి పక్కన ఫొటో దిగడానికి తప్ప ఎందుకు.

లోటు చెప్పాలంటే మొదటిది టైము. చెప్పిన తేదీకి అవదు, బోరింగుకి వెళ్లిన బ్లాకు రావడానికే నెల పైన పట్టింది. రెండోది బిల్లు. అన్నీ కలిపి 62 వేలయ్యింది, అందులో లేబరు 15 వేలు, సామాను ధరలు నేను బయట కనుక్కుంటే సరిగ్గానే ఉన్నాయి, గాని ఇచ్చింది ఒడియాలో చేత్తో రాసిన కాయితం. ఒడియా చదవడం రానివాళ్లు అక్కడే కూర్చుని ప్రతి లైనూ చెప్పించుకుని తెలుగులో రాసుకోండి, ఆయనకి తెలుగు బాగా వచ్చు, విసుక్కోరు. మూడోది హైడ్రాలిక్ లిఫ్టు. ఓ-రింగులు మార్చినా గొర్రు ఎత్తి ఇంజను ఆపేస్తే మెల్లగా కిందకి దిగిపోతోంది. మళ్లీ తీసుకురమ్మన్నారు, ఊరికే చేస్తానన్నారు, ఇంకా వెళ్లలేదు. దున్నినంతసేపూ ఇబ్బంది లేదు.

తెచ్చేక మొదట్లో బరువు పని పెట్టొద్దని, 50 గంటలు తిరక్కముందే ఆయిలు మార్చమని గట్టిగా చెప్పేరు, అలగే చేసేం. ఇప్పుడు కాశీనగర్ తోటలో కొబ్బరి వరసల మధ్య దున్నుతోంది, ఆయిలు తినట్లేదు, పొగ లేదు.

సేకరించడానికి పాత బండి కొందామనుకునేవాళ్లకి ఒక ముక్క. శ్రీకాకుళం వైపు కొని ఒడిశాకి తెచ్చుకుంటే అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదన్న కాయితం (ఎన్‌ఓసీ), అంటే ఫారం 28, తెచ్చుకోవాలి, తర్వాత పేరు మార్చడానికి 29, 30 ఫారాలు. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద మీరే గీకి చూసుకోండి, పాత బళ్లకి ఇంజన్లు మార్చీసినవి చాలా ఉంటాయి. 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకని రూల్సు తెచ్చింది గాని 50 ఏళ్లు దాటిన టూ వీలర్లకి, కార్లకే అది, ట్రాక్టర్లని అందులో చేర్చలేదు. చేర్చాలి. పల్లెల్లో కార్ల కంటే ముందొచ్చినవి ఇవే కదా.

ఉడుపుల టైములో మాత్రం వెళ్లకండి, అప్పుడు షెడ్డు నిండా రైతుల బళ్లే ఉంటాయి, వాళ్ల పని ముందు చేస్తారు, చెయ్యాలి కూడా. సంక్రాంతి దాటేక వెళ్తే తీరిగ్గా చూస్తారు. వెళ్లేటప్పుడు ఇంజను నంబరు ప్లేటు ఫొటో, ఇంట్లో విడిగా పడున్న పాత నట్టూ బోల్టూ ఏదున్నా ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి, పనికిరాదని మనం అనుకున్న దాన్లోంచే మా బండి డీజిలు ట్యాంకు మూత దొరికింది.